పాలివారు: కలిసి ఇల్లు కట్టి అద్దెకిచ్చుటను గూర్చిన పాఠము

చదువవలసిన లేఖన భాగములు: లూకా 5:1-11, లూకా 14:28-30, యిర్మీయా 32:6-15, ఆదికాండము 13:5-12, ద్వితీయోపదేశకాండము 22:8.



మార్కండి నుండి, చుట్టుపట్ల తీర గ్రామముల నుండి సూరత్‌కు, చెన్నైకి, మంగళూరుకు, గల్ఫ్ దేశములకు వెళ్లిన మనవారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆరాధన ముగిసిన తరువాత నన్ను ప్రక్కకు పిలిచి అడుగుచున్న సంగతి ఒకటున్నది. "మేష్టారూ, ముగ్గురు నలుగురం కలిసి బరంపురంలో ఓ జాగా కొని ఆరు పోర్షన్లేసి అద్దెకిద్దామనుకుంటున్నాం, మంచిదేనా?" ఒక్కని సంపాదనతో బరంపురములో ఇల్లు కట్టుట ఈ దినములలో కష్టము. నలుగురు కలిసినయెడల సాధ్యమే. అయితే నలుగురు కలిసి ఇల్లు కట్టుట సులభము, ఆ నలుగురు పదేండ్లు కలిసియుండుట కష్టము. కాబట్టి ఈ నెల పాఠమును ఆ విషయమునకే కేటాయించితిని.

విశ్వాసి అద్దె ఇండ్ల వలన ఆదాయము పొందవచ్చునా అని కొందరు సందేహింతురు. అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయములో పౌలు రోమా పట్టణములో రెండు సంవత్సరములు అద్దె ఇంట నివసించి, వచ్చినవారందరికి వాక్యము చెప్పెను. ఆ ఇంటి యజమానుడు ఎవరో మనకు తెలియదు గాని, అతడు ఒక సంకెళ్ల ఖైదీకి ఇల్లు అద్దెకిచ్చెను. ఈ సందేహమునకు ఇంతకంటె ఎక్కువ చెప్పనక్కరలేదు.

పాలివారు ఎవరు, కూలివారు ఎవరు?

లూకా 5వ అధ్యాయములో సీమోను వల నిండినప్పుడు రెండవ దోనెలో నున్నవారిని సహాయమునకు పిలిచెను. జెబెదయి కుమారులైన యాకోబు యోహానులు అతనితో పాలివారని లూకా వ్రాసెను. మార్కు 1:20లో అదే జెబెదయి దోనెలో జీతగాండ్రు కూడ కనబడుదురు. పాలివారు వేరు, జీతగాండ్రు వేరు. ఒకే దోనెలో ఇరువురును ఉండవచ్చును గాని, ఎవరు ఏ లెక్కలో ఉన్నారో అందరికి తెలిసియుండవలెను.

ఈ సంగతి మన ఊరివారికి నేను నేర్పవలసినది కాదు. ఒడ్డున చేపలు అమ్మిన పిమ్మట ముందుగా నూనె ఖర్చు, మంచు ఖర్చు తీసివేసి, మిగిలినదానిని వాటాలు వేయుదురు. పడవకు ఒక లెక్క, ఇంజనుకు, వలకు ఒక లెక్క, ఎక్కిన మనిషికి ఒక లెక్క. పడవ సొంతదారుడు తానే వేటకు వెళ్లినయెడల పడవ వాటాయు మనిషి వాటాయు రెండును అతనికి వచ్చును. ఎక్కనినాడు పడవ వాటాయే. దీనిమీద తగవు చాల అరుదు. ఎందుకనగా వేటకు వెళ్లకముందే పద్ధతి తెలియును. సముద్రము మీద ఇంత తేటగా లెక్క చూచుకొనువారు, ఒడ్డుకు వచ్చి ఇల్లు కట్టునప్పుడు మాత్రము "మనవాళ్లే గదా" అని ఊరకుందురు. ఇది నాకు ఎల్లప్పుడును ఆశ్చర్యముగా నుండును.

అద్దె ఇంటికి కూడ మూడు రకముల పాలు ఉన్నవి. స్థలము లేక సొమ్ము తెచ్చిన పాలు. కట్టించునప్పుడు ఎండలో నిలిచి సిమెంటు బస్తాలు లెక్కించిన పాలు. తరువాత నెలనెల అద్దె వసూలుచేసి, మోటారు చెడిపోయిన అర్ధరాత్రి మిస్త్రీని పిలిచిన పాలు. వలస వెళ్లినవారు మొదటిది మాత్రమే ఇచ్చెదరు. మిగిలిన రెండును ఊరిలోనున్న ఒకని మీద పడును. అతనికి మనిషి వాటా వ్రాయకపోయినయెడల మొదటి ఏడు ప్రేమచేత చేయును, రెండవ ఏడు సణుగును, మూడవ ఏడు తనకు తానే తీసికొనును. అప్పుడు మనము అతనిని దొంగ యందుము. వసూలైన అద్దెలో నూటికి ఇంత అని ముందే వ్రాసి ఇచ్చిన యెడల ఆ మాట పుట్టదు.

బంధువుల మధ్య కాగితము ఎందుకు?

"మనలో మనకి కాయితం ఏటి అన్నియ్యా?" ఈ మాట మన ప్రాంతములో ప్రేమకు గురుతు. నేను యిర్మీయా 32వ అధ్యాయము చదువమందును. అనాతోతులోని పొలము అమ్మినవాడు పరాయివాడు కాడు, యిర్మీయా పినతండ్రి కుమారుడైన హనమేలు. కొన్నవాడు దేవుని ప్రవక్త. కొనుమని చెప్పినవాడు దేవుడే. ఇంతకంటె నమ్మదగిన బేరము ఉండునా? అయినను యిర్మీయా 17 తులముల వెండి త్రాసులో తూచెను, పత్రము వ్రాసెను, సాక్షులచేత సంతకములు చేయించెను. ముద్ర వేసినది ఒకటి, విప్పియున్నది ఒకటి, రెండింటిని బారూకు చేతికిచ్చి మంటికుండలో భద్రము చేయుమనెను. అప్పుడు పట్టణము ముట్టడిలో నున్నది, ప్రవక్త చెరసాల ప్రాకారములో నున్నాడు. ఆలాటి సమయములో కూడ విధి తప్పలేదు. కాగితము అపనమ్మకమునకు గురుతు కాదు. మనము చనిపోయిన తరువాత కూడ మన మాట నిలుచుటకు అది సాధనము.

నేనెరిగిన ముగ్గురు సహోదరులు ఉండిరి. ఊరి పేరు అక్కరలేదు. ఇద్దరు బయట సంపాదించి పంపిరి, పెద్దవాడు ఊరిలో ఉండి స్థలము కొని గదులు కట్టించెను. దస్తావేజు అతని ఒక్కని పేరనే. అతడు నీతిమంతుడు, అద్దె పైసలతో సహా పంచెను. తొమ్మిదేండ్లకు గుండెపోటుతో ఒక్క రాత్రిలో పోయెను. అతని కుమారులకు తెలిసినది ఒక్కటే, పట్టాలో తండ్రి పేరు. చిన్నాన్నలు పంపిన సొమ్ము అప్పు తీర్చుటకో పెండ్లికో పంపినదని వారు నిజముగానే నమ్మిరి. సంఘములో కూర్చుండబెట్టి మాటలాడితిమి. ఒకరు అబద్ధమాడుచున్నారని ఎవరును చెప్పలేకపోయిరి. ఆ రెండు కుటుంబములు నేటికిని ఒక బల్లయొద్ద కూర్చుండవు.

చట్టము ఇక్కడ ఇంకను కఠినముగా నున్నది. నా సొమ్ముతో ఇంకొకని పేర ఆస్తి కొన్నయెడల అది బినామీ. 1988 నాటి బినామీ చట్టము 2016 నవంబరు 1 నుండి సవరింపబడి గట్టిపడెను. ఆస్తి జప్తు, ఒకటి నుండి ఏడు సంవత్సరముల జైలు, ఆస్తి విలువలో నాలుగవవంతు వరకు జరిమానా కూడ దానిలో ఉన్నవి. లెక్క చూపగల సొమ్ముతో భార్య పేర, బిడ్డల పేర కొనవచ్చును. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తలిదండ్రుల విషయములో దస్తావేజులో ఇద్దరి పేర్లును ఉమ్మడి యజమానులుగా ఉన్నప్పుడే మినహాయింపు. స్నేహితుని పేర కొన్నదానికి ఏ మినహాయింపును లేదు. "అది నిజముగా నాదే" అని కోర్టుకు వెళ్లుటకు కూడ వీలులేదు. సూరత్‌లో ఒకే మెస్సులో ఉన్న నలుగురు స్నేహితులు ఒకని పేర జాగా కొందమనుకొనుచున్నారంటే, ఈ పేరాను రెండుసార్లు చదువుడి.

అందరి పేర్లును ఒకే దస్తావేజులో

చిన్న గుంపునకు నేను చెప్పు మార్గము ఇది. నలుగురును కొనుగోలుదారులుగా ఒకే రిజిస్టరు దస్తావేజులో చేరవలెను. ఎవరి వాటా ఎంతో భిన్నములలో వ్రాయవలెను. వ్రాయకపోయిన యెడల, ఎవరు ఎంత సొమ్ము పెట్టెనో ఆ నిష్పత్తిలో వాటా అని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పును. ఆ లెక్కకు ఋజువు లేనప్పుడు అందరికి సమానమని ఎంచును. పది లక్షలు పెట్టినవాడును రెండు లక్షలు పెట్టినవాడును సమానమగుదురు.

ఉమ్మడి యజమానులుగా అద్దె పంచుకొన్నంత మాత్రమున భాగస్వామ్య సంస్థ ఏర్పడదు. కొందరు ప్లీడర్లు వెంటనే ఫర్మ్ పెట్టుమందురు. 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము ఫర్మ్ పేర ఒకడు చేసిన అప్పునకు మిగిలినవారందరును తమ సొంత ఆస్తితో సహా బాధ్యులు. రిజిస్టరు చేయని ఫర్మ్ ఒప్పందపు హక్కు కొరకు దావా వేయలేదు. వేరుగా వ్రాసికొననియెడల ఒక్కడు చనిపోగానే ఫర్మ్ రద్దగును. ఆరు పోర్షన్లకు ఈ బరువు అవసరము లేదని నా అభిప్రాయము. పన్ను విషయములో కూడ, వాటాలు స్పష్టముగా నున్న ఉమ్మడి యజమానులలో ఎవరి అద్దె ఎవరి ఆదాయములో లెక్కింపబడును. మునిసిపల్ పన్ను తీసివేసిన తరువాత మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులు మరమ్మతుల నిమిత్తము మినహాయింపు. చిన్న జీతగాండ్రకు చాలసార్లు పన్నే రాదు.

దస్తావేజుతోబాటు వేరే ఒప్పందపత్రము ఒకటి వ్రాసికొనవలెను. దానిలో అన్నిటికంటె ముఖ్యమైనది విడిపోవు పద్ధతి. ఆదికాండము 13లో అబ్రాము లోతు కాపరులకు జగడము పుట్టినప్పుడు అబ్రాము జగడము పెరుగకముందే విడిపోవుటకు దారి చూపెను, మొదట కోరుకొను హక్కు చిన్నవానికి ఇచ్చెను. మన ఒప్పందములో కూడ ఇట్లుండవలెను: ఒకడు తన వాటా అమ్మదలచినయెడల మొదట మిగిలిన పాలివారిని అడుగవలెను, వారికి ఇన్ని నెలల గడువు. ధర ఇరుపక్షముల వారు ఒప్పుకొన్న మనిషి కట్టవలెను. వారు కొననియెడలనే బయటివానికి. కూతురి పెండ్లికో, ఆపరేషనుకో ఒకనికి తప్పక సొమ్ము కావలసిన దినము వచ్చును. ఆ దినము రానున్నదని మొదటనే ఒప్పుకొనుడి.

మరణమును గూర్చి. మన క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. వీలునామా లేకుండ చనిపోయినయెడల భార్యకు మూడవవంతు, మిగిలిన రెండు వంతులు కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందును. నలుగురు పాలివారిలో ఒకడు పోయినయెడల మరుసటి దినము మీరు ఏడుగురో ఎనిమిదిమందో అగుదురు, అందులో చిన్నపిల్లలు ఉన్నయెడల వారి వాటా అమ్ముటకు కోర్టు గడప ఎక్కవలసివచ్చును. ఇద్దరు సాక్షుల ఎదుట వ్రాసిన వీలునామా ఈ చిక్కును చాలవరకు తీర్చును. మనవారు వీలునామా అనగానే చావును పిలుచుటగా భయపడుదురు. అది మన విశ్వాసమునకు తగిన భయము కాదు.

భార్యలకు ఈ సంగతులన్నియు తెలిసియుండవలెను. వీలైనచోట వారి పేర్లును దస్తావేజులో ఉండవలెను. మన రాష్ట్రములో స్త్రీల పేర చేసిన దస్తావేజునకు స్టాంపు రుసుము కొంత తక్కువ కూడ.

స్థలము చూచునప్పుడు

మొదట ఊరిలోనే కట్టుదమా అను ప్రశ్న. మార్కండిలో సముద్రపు గాలికి ఊరక గదులు అద్దెకు పోవునని ఒక యువకుడు నాతో వాదించెను. 1991 నుండి సముద్రతీర నియంత్రణ నిబంధనలు ఉన్నవి. గ్రామీణ తీరములో పోటు గీత నుండి 200 మీటర్ల లోపల క్రొత్త కట్టడములకు చాలచోట్ల నిషేధమున్నది. మత్స్యకారుల నివాసముల విషయము వేరు, అద్దె వ్యాపారము వేరు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్పూరు దగ్గర తీరము దాటినప్పుడు ఎవరి రేకులు ఎక్కడ పడెనో పెద్దవారికి జ్ఞాపకమే. అద్దె ఇంటికి అద్దెకుండువారు కావలెను. వారు బరంపురములో నున్నారు. 1962లో మొదలైన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి, 1967 నుండి భంజవిహారములోని విశ్వవిద్యాలయము, 2016లో వచ్చిన ఐసర్ విద్యాసంస్థ, వీటికి వచ్చు నర్సులు, విద్యార్థులు, రోగుల బంధువులు, చిన్న ఉద్యోగులు.

స్థలపు కాగితము గూర్చి కొంత వివరముగా చెప్పెదను. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలో నుండెను గనుక కొన్ని కుటుంబములలో తాతలనాటి దస్తావేజులు తెలుగులోనే ఉండును. ఇప్పటి పట్టా మాత్రము ఒడియాలో నుండును. మనలో చాలమంది ఒడియా మాటలాడుదురు గాని చదువలేరు. చదువలేని కాగితము మీద సంతకము చేయకుడి. చదువుకొన్న పిల్లనొకతెను కూర్చుండబెట్టి పేరు, ఖాతా, ప్లాటు నంబరు, కిసమ్, విస్తీర్ణము గట్టిగా చదివించుడి. భూలేఖ్ అను ప్రభుత్వపు కంప్యూటరు పుటలో ఎక్కడనుండియైనను పట్టా చూడవచ్చును. మంగళూరులో నుండువారు కూడ తమ ఫోనులో చూచుకొనవచ్చును.

కిసమ్ అను గడిలో 'ఘరబారి' అని ఉన్నదా చూడుడి. పొలముగా నున్నయెడల ఇల్లు కట్టుటకు ముందు తహసీల్దారు కార్యాలయములో మార్పించవలెను. అమ్మువాడు షెడ్యూల్డు కులమునకో తెగకో చెందినవాడై, కొనువాడు కానియెడల, ఒడిశా భూసంస్కరణల చట్టము ప్రకారము రెవెన్యూ అధికారి అనుమతి లేక చేసిన అమ్మకము చెల్లదు. ఇట్టి స్థలము చవకగా వచ్చినప్పుడు ఎందుకు చవకో అడుగుడి. గల్ఫ్ దేశములలో ఎన్.ఆర్.ఐ. హోదాలో నున్న సహోదరులు ఇల్లుగాని ఇంటిస్థలముగాని కొనవచ్చును, వ్యవసాయ భూమి కొనకూడదు. కాబట్టి 'ఇప్పుడు పొలము, రేపు ఘరబారి' అను మాట వారికి పనికిరాదు.

కొలతలో ఒక ఉపాయము జరుగును. ఒడిశాలో 25 గుంఠలు ఒక ఎకరము, అనగా గుంఠకు 4 డెసిమళ్లు, సుమారు 1,742 చదరపు అడుగులు. తెలంగాణలో 40 గుంటలు ఒక ఎకరము, అక్కడి గుంట 1,089 చదరపు అడుగులే. హైదరాబాదులో పనిచేసి వచ్చినవారు ఆ లెక్కను ఇక్కడ పెట్టుకొని ధర తప్పు వేయుదురు. ఎప్పుడును డెసిమళ్లలో అడిగి, అమీనుచేత కొలిపించి, నాలుగు మూలల రాళ్లు చూచిన తరువాతనే బయానా ఇవ్వవలెను.

కేవలము జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద స్థలము అమ్మువారు ఇంకను ఉన్నారు. దాని వలన యాజమాన్యము రాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పెను. దస్తావేజు రిజిస్టరు కావలెను, పిమ్మట తహసీలులో మ్యుటేషను జరిగి పట్టాలో మీ అందరి పేర్లు రావలెను. సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వవలెను. 2015 జూన్ నుండి భూమి, ఇండ్ల విషయములో 20,000 రూపాయలుగాని అంతకు మించిగాని నగదుగా పుచ్చుకొనుట చట్టవిరుద్ధము. మీ పేరున బ్యాంకులో నుండి వెళ్లిన సొమ్మే రేపు మీ వాటాకు సాక్షి.

ఖర్చు లెక్క

లూకా 14లో ప్రభువు గోపురము కట్టగోరువానిని గూర్చి చెప్పెను. వాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెను. కూర్చుండుడి. ఇది ఊహ లెక్క, మీ అంకెలు మీరు వేసికొనవలెను.

స్థలము, కట్టడము, రుసుములు కలిపి 40 లక్షలు. ఆరు పోర్షన్లు, ఒక్కొక్కటి నెలకు 5,000. ఏటికి 3,60,000 అని అందరును సంతోషింతురు. పోర్షను ఏటికి ఒక నెల ఖాళీగా నుండునని అనుకొనుడి, 30,000 పోయెను. సున్నము, మోటారు, పన్ను, వసూలుచేయువాని పాలు, వీటికి 50,000. మిగిలినది 2,80,000. నలుబది లక్షల మీద నూటికి ఏడు.

ఇప్పుడు ఆ నలుబదిలో 15 లక్షలు నూటికి 9 వడ్డీకి అప్పు తెచ్చితిరనుకొనుడి. మొదటి ఏటి వడ్డీయే సుమారు 1,35,000. మీ సొంత 25 లక్షల మీద మిగులు 1,45,000, అనగా నూటికి ఆరు కూడ లేదు. ఇల్లు ఏడు తెచ్చుచుండగా తొమ్మిదికి అప్పు తెచ్చినయెడల, అప్పు తెచ్చిన ప్రతి రూపాయి మిమ్మును లాభపరచుటలేదు, మీ లాభమును తినుచున్నది. పదేండ్ల గడువుకు నెల కిస్తీ సుమారు 19,000, ఏటికి 2,28,000. నలుగురికి మిగులునది 52,000, తలకు 13,000. రెండు పోర్షన్లు ఇంకొక నాలుగు నెలలు ఖాళీగా నున్నయెడల 40,000 పోయి తలకు 3,000. స్థలపు ధర పెరుగును గదా అందురు. పెరుగవచ్చును. పెరిగిన ధరతో ఈ నెల కిస్తీ కట్టలేము.

ఇది మన చిన్న ఊరి సంగతి మాత్రమే కాదు. అమెరికాలో అనేక కుటుంబములు అద్దెకుండు పెద్ద సముదాయములను చిన్న పెట్టుబడిదారుల సొమ్ము కూడగట్టి కొను పద్ధతి ఉన్నది. అక్కడి మన తెలుగు ఉద్యోగులు కొందరు వీటిలో చేరుదురు. వడ్డీ దాదాపు లేని కాలములో మారుడు వడ్డీ అప్పులతో చాల సముదాయములు కొనబడెను. 2022 మార్చి నుండి ఏడాది తిరుగునప్పటికి అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీని సున్న దగ్గరనుండి నూటికి ఐదు దగ్గరకు పెంచెను. 2023 ఏప్రిల్‌లో హూస్టన్‌లో ఆపిల్స్‌వే అను సంస్థ చేతిలోని నాలుగు సముదాయములు, సుమారు 3,200 ఇండ్లు, అప్పిచ్చినవారి పరమాయెను. ఇండ్లు కూలిపోలేదు, అద్దెకుండువారు పారిపోలేదు. అప్పే ముంచెను.

2020 మే నెలలో సూరత్ నుండి శ్రామిక్ రైళ్లు జగన్నాథపురము స్టేషనులో దిగినప్పుడు, అద్దె ఇల్లు ఉన్నయెడల ఈ గతి రాకపోవును అని కొందరనిరి. నిజమే కొంతమట్టుకు. అయితే ఆ నెలలలో బరంపురములో అద్దెకుండువారికి కూడ జీతములు లేవు. ఆరు నెలల ఖర్చు చేతిలో నుంచుకొనకుండ ఎవరును ఈ పనికి దిగవద్దు.

సంఘము పేరు వాడకుడి

ఇది కొంచెము గట్టిగా చెప్పవలెను. నలుగురు పాలివారు కలియుట వేరు. ఒకడు సంఘమంతటిలో తిరిగి, "తలకు యాబైవేలు ఇవ్వండి, నెలకింత ఇస్తాను" అనుట వేరు. అట్లు జనులయొద్ద డిపాజిట్లు సేకరించుటను 2019 నాటి కేంద్ర చట్టము నిషేధించెను. 2013 ప్రాంతములో మన రాష్ట్రములో అర్థతత్త్వ, సీషోర్ వంటి సంస్థలలో పేదలు ఎట్లు మునిగిరో మనము చూచితిమి. ప్రార్థన చేసి ఆరంభించినంత మాత్రమున లెక్క సరియగునని అనుకొనకూడదు. పాస్టరు గారిని ప్రతిష్ఠకు పిలువుడి, పూచీకి పిలువకుడి. సామెతలు 11:15 పూచీని గూర్చి ఏమి చెప్పునో ఇంటివద్ద చదువుకొనుడి. ముగ్గురు నుండి ఐదుగురు, ఒకరి ఇల్లు ఒకరు ఎరిగినవారు, అంతకు మించి వద్దు. 2 దినవృత్తాంతములు 20 చివరలో యెహోషాపాతు అహజ్యాతో కలిసి కట్టించిన ఓడలు ఎసోన్గెబెరులోనే బద్దలాయెను. ఓడలలో లోపము ఉన్నదని అక్కడ వ్రాయబడలేదు.

అద్దెకుండువారి పట్ల

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉన్నది, ఎవడైనను పడినయెడల ఆ రక్తదోషము ఇంటివాని మీద ఉండును. అద్దె ఇంటికి ఇది మరింత వర్తించును, పడువారు మన బిడ్డలు కారు గనుక. పిట్టగోడ ఒక్కటే కాదు. కరెంటు ఎర్తింగు, మెట్లకు చేతిపట్టు, వరద నీరు రానంత ఎత్తు పునాది, గాలికి లేవని స్లాబు. కట్టుటకు ముందు బరంపురము డెవలప్‌మెంట్ అథారిటీ వారి ప్లాను అనుమతి తీసికొనుడి. వేసవిలో నీటి ఎద్దడి బరంపురములో పాత కథ గనుక ఆరు కుటుంబములకు సరిపడు నీరు ఉన్నదని తేలకముందు ఆరు పోర్షన్లు గీయవద్దు.

పదకొండు నెలల అద్దె పత్రము వ్రాయుట వాడుక. ఏడాదికి మించినదానిని రిజిస్టరు చేయవలెను గనుక ఆ వాడుక వచ్చెను. అడ్వాన్సు ఎంత పుచ్చుకొనవలెనను దానికి 2021 నాటి కేంద్ర మాదిరి చట్టము నివాసమునకు రెండు నెలల అద్దె మించరాదని చెప్పుచున్నది. రాష్ట్రము చేసికొన్నప్పుడే అది చట్టమగును గాని, న్యాయమైన కొలత గనుక ఇప్పుడే అనుసరించవచ్చును.

మీలో ఎందరో సూరత్‌లో పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పండుకొను మెస్సులలో ఉంటిరి. కులము అడిగి, మతము అడిగి, "గది లేదు" అన్న తలుపుల ఎదుట నిలిచితిరి. మీ ఇంటి తలుపు దగ్గర ఆ ప్రశ్న వినబడకూడదు. ఒప్పందపత్రములో ఈ సంగతి కూడ ఒక షరతుగా వ్రాసికొనుడి. ఊరిలో వసూలుచేయు పాలివాడు ఇరుగుపొరుగు మాటకు లోబడి మీ పేరున ఒకని త్రిప్పివేసినయెడల మీకు మంగళూరులో తెలియనే తెలియదు.

తరగతిలో చేయుటకు

లెక్క: ముగ్గురు పాలివారు. ఒకరు 12 లక్షల విలువగల స్థలము ఇచ్చిరి. రెండవవారు గల్ఫ్ నుండి 9 లక్షలు పంపిరి. మూడవవారు 3 లక్షలు పెట్టి, ఊరిలో ఉండి వసూలు చూచుచున్నారు. దస్తావేజులో వ్రాయవలసిన భిన్నములు ఏవి? ఏటికి వసూలు 2,00,000. దానిలో పదవవంతు వసూలుచేయువారికి, మరి పదవవంతు మరమ్మతుల నిధికి ముందుగా తీసినయెడల ఒక్కొక్కరికి ఎంత చెందును?

చర్చ: పైవారిలో రెండవవారు వీలునామా లేకుండ చనిపోయిరి. భార్య, ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు ఉన్నారు. వచ్చే ఏటి అద్దెను ఎవరెవరికి ఎంతెంత పంచవలెను? కుమారుడు ఒక్కడే వచ్చి మొత్తము తనకిమ్మనినయెడల మూడవవారు ఏమి చెప్పవలెను?